కొయ్యదిమ్మలు నేర్పు చదువు

వాన వెలిసిన పిదప ఏటి యొడ్డున గాని, ఇల్లు కట్టుటకై వీథిలో పోసిన ఇసుకకుప్పమీద గాని పసిపిల్లలు చేరినచో వారు మొట్టమొదట చేయు పని యొకటి కలదు. తడి యిసుకలో కాలు దూర్చి, పైన ఇసుక కప్పి, అరచేతితో మెల్లగా తట్టి, గూడు చెదరకుండ కాలిని వెనుకకు తీయుదురు. దానినే పిచ్చుకగూడు అందురు. గూడు నిలిచినచో పిల్లలు కేరింతలు కొట్టుదురు. కూలినచో మరల కాలు దూర్చుదురు. ఇసుక పొడిగా నున్నచో గూడు నిలువదనియు, మిక్కిలి తడిగా నున్నచో కాలిని అంటుకొని వచ్చుననియు వారికి ఎవ్వరును చెప్పియుండరు. పదిమార్లు కూలిన పిదప వారే తెలిసికొందురు.

పిచ్చుకగూళ్లు, బొమ్మరిండ్లు, గుజ్జనగూళ్లు అను మాటలు తెలుగున చిరకాలముగా నున్నవి. కాని పెద్దలు ఆ మాటలను తఱచుగా తేలిక భావముతోనే వాడుదురు. "ఇంకను పిచ్చుకగూళ్లు కట్టుకొనుచు కూర్చుంటివా? పలక తీసి అక్షరములు దిద్దుము" అని మందలించుట అనేక గృహములలో వినబడు మాటయే. ఆట వేరు, చదువు వేరు అనునది ఆ మందలింపునకు మూలమైన నమ్మకము. ఆ నమ్మకము సరియైనదేనా? అక్షరము దిద్దు చేయి మాత్రమే చదువుచున్నదా, గూడు కట్టు చేయియు చదువుచున్నదా? ఈ ప్రశ్నను పట్టుకొని జీవితమంతయు శ్రమించిన మహనీయులు కొందఱు కలరు. వారు పిల్లల చేతికి ఇసుకకు మారుగా కొయ్యదిమ్మల నిచ్చిరి. వారిలో మొదటివాడు జర్మనీ దేశీయుడగు ఫ్రెడరిక్ ఫ్రోబెల్.

ఫ్రోబెల్ 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన థురింజియా అడవుల నడుమ నున్న ఓబర్‌వైస్‌బాఖ్ అను గ్రామమున జన్మించెను. ఏడాదియైన నిండకమునుపే అతని తల్లి మరణించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఆయనకు తన విధులతోనే తీరిక లేకుండెను. బాలుడు తోటలోను, అడవి అంచునను ఒంటరిగా తిరుగుచు పెరిగెను. పదునైదవ యేట అడవుల అధికారి యొకని యొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. పెద్దవాడైన తరువాత స్విట్జర్లండు దేశమున పెస్టలాజీ అను సుప్రసిద్ధ విద్యావేత్త నడుపుచుండిన పాఠశాలలో 1808 మొదలు 1810 వఱకు ఉండి, పిల్లలకు మాటలకంటె ముందు వస్తువులను చూపవలెనను సూత్రమును గ్రహించెను. అటుపిమ్మట బెర్లిన్ నగరమున ఖనిజముల శాస్త్రము నభ్యసించి, అచ్చటి ఖనిజ ప్రదర్శనశాలలో సహాయకుడుగా పని చేసెను. అచ్చట అతడు దినదినము స్ఫటికములను పరీక్షించి వర్గములుగా ఏర్పఱచుచుండెను. ఉప్పురవ్వ యెంత చిన్నదైనను దాని పలకలు, కోణములు ఒక నియమమునకు లోబడి యుండును. సరళమైన రూపములు చేరి సంకీర్ణమైన రూపములగుటను అతడు అచ్చట కనులార చూచెను. ఆ చూపే తరువాత పసివారి ఆటవస్తువులలో ప్రవేశించెను.

1837లో ఫ్రోబెల్ బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున పసిపిల్లల కొఱకు ఒక సంస్థను నెలకొల్పెను. 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అను పేరు పెట్టెను. జర్మను భాషలో ఆ మాటకు 'పిల్లల తోట' అని యర్థము. తోటమాలి మొక్కను లాగి పెంచడు. నీరు పోసి, ఎండ తగులనిచ్చి, కలుపు తీయును. ఉపాధ్యాయుడును అట్లే మెలగవలెనని అతని భావము.

ఆ తోటలోని పిల్లలకు అతడు వరుసగా ఇచ్చిన ఆటవస్తువులకు 'కానుకలు' అని పేరు. మొదటి కానుక రంగురంగుల నూలుతో అల్లిన ఆఱు బంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, స్తూపము, ఘనము. మూడవ కానుక నుండి కట్టడపు దిమ్మలు మొదలగును. రెండంగుళముల కొయ్యఘనమును ప్రతి దిశయందును సగమునకు కోయగా ఎనిమిది చిన్న ఘనములు వచ్చును. వానిని ఒక చిన్న కొయ్యపెట్టెలో పెట్టి, జరుపుడు మూత వేసియుంచిరి. నాలుగవ కానుకలోను ఎనిమిది ముక్కలే గాని, అవి ఇటుకల వలె పలుచగా పొడవుగా నుండును. ఐదవ, ఆఱవ కానుకలలో ముక్కలు మఱింత పెరుగును. ఏటవాలుగా కోసినవి, నిలువు స్తంభముల వంటివి చేరును.

ఈ పెట్టెను తెఱచుటకును ఒక పద్ధతి కలదు. పెట్టెను బోర్లించి, మూతను ప్రక్కకు లాగి, పెట్టెను నిలువుగా పైకెత్తవలెను. అపుడు బల్లమీద చెక్కుచెదరని పూర్ణ ఘనము నిలిచియుండును. పిల్లవాడు మొదట మొత్తమును చూచును. తరువాత దానిని విడదీయును. ఆట ముగియగానే మరల అన్నిటిని చేర్చి మొత్తముగా చేసి పెట్టెలో పెట్టును. ఎనిమిదింటిలో ఒక్కటి తప్పినను పెట్టె నిండదు. భాగములన్నియు కలిసినగాని మొత్తము కాదనుట పిల్లవాని వ్రేళ్లకు ఇట్లు తెలియవచ్చును. ఘనమును ఒకమారు కోసిన రెండు, రెండుమార్లు కోసిన నాలుగు, మూడుమార్లు కోసిన ఎనిమిది భాగములగునని ఎనిమిదవ తరగతి విద్యార్థి లెక్కలలో చదువును. కిండర్‌గార్టెన్ శిశువు దానిని చేతితో చూచును.

ఆ ఎనిమిది ముక్కలతో పిల్లవాడు కుర్చీ, బల్ల, మెట్లు, బావి మొదలగు తాను చూచిన వస్తువులను కట్టవచ్చును. చుట్టును సమముగా పేర్చి ముగ్గువంటి అందమైన కూర్పులను చేయవచ్చును. నాలుగు నాలుగుగా, రెండు రెండుగా విడదీసి లెక్కలు తెలిసికొనవచ్చును. జీవితము, సౌందర్యము, జ్ఞానము అను మూడును ఆ గుప్పెడు ముక్కలలోనే కలవని ఫ్రోబెల్ తలచెను. ఒక కట్టడము నుండి మఱియొక దానికి పోవునపుడు మొదటి దానిని కూలద్రోయక, ముక్కలను ఒక్కొక్కటిగా జరిపి క్రొత్త రూపము తెచ్చుట అతని నియమము.

ఇంతటి నిరపాయమైన ఆటకు ఆపద రాగలదని ఎవరు ఊహింపగలరు? 1848లో యూరప్ దేశములలో విప్లవములు చెలరేగెను. అవి అణగిన పిదప పాలకులు ప్రతి క్రొత్త భావమును అనుమానముతో చూడసాగిరి. 1851వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన ప్రష్యా ప్రభుత్వపు విద్యామంత్రి కిండర్‌గార్టెన్లను నిషేధించుచు ఆజ్ఞ వెలువరించెను. అవి పసివారికి నాస్తికత్వమును, విప్లవభావములను నూరిపోయుచున్నవని ఆరోపణ. ఫ్రోబెల్ అన్నకుమారుడగు కార్ల్ ఫ్రోబెల్ వ్రాసిన ఒక గ్రంథమును పినతండ్రి సిద్ధాంతములతో కలగలుపుకొనుట ఈ ఆజ్ఞకు ఒక కారణమయ్యెను. వృద్ధుడైన ఫ్రోబెల్ మంత్రికి వ్రాసికొనెను, రాజునకు విన్నవించుకొనెను, ఫలము లేకపోయెను. 1852 జూన్ 21వ తేదీన, నిషేధము తొలగకమునుపే, అతడు కన్ను మూసెను.

అయితే అతడు నాటిన తోట ఎండిపోలేదు. బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్-బ్యూలో అను ప్రభువంశీయురాలు దేశదేశములు తిరిగి ఆ పద్ధతిని వ్యాపింపజేసెను. 1860లో ప్రష్యా ప్రభుత్వము నిషేధమును తొలగించెను. ఈలోగా జర్మనీ నుండి వలసపోయిన కుటుంబములు దానిని అమెరికాకు కొనిపోయిరి. 1856లో విస్కాన్సిన్ రాష్ట్రమున వాటర్‌టౌన్ పట్టణమందు మార్గరెట్ షుర్జ్ అను వనిత జర్మను మాటలాడు పిల్లల కొఱకు ఒక కిండర్‌గార్టెన్‌ను ప్రారంభించెను. ఆ దేశమున అదియే మొదటిది.

1876లో అమెరికా స్వాతంత్ర్యమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున ఫిలడెల్ఫియా నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. దానిని చూడవచ్చిన యొక తల్లి ఫ్రోబెల్ కానుకలను చూచి ముచ్చటపడి తన కుమారునికి తెప్పించి యిచ్చెను. ఆ బాలునికి అప్పటికి తొమ్మిదేండ్లు. అతడే తరువాత ప్రపంచ ప్రసిద్ధ వాస్తుశిల్పి యైన ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ నునుపైన దిమ్మల స్పర్శ తన వ్రేళ్లను ఎన్నడును విడిచిపోలేదని అతడు తన ఆత్మకథలో కృతజ్ఞతతో చెప్పుకొనెను. 1930-40 సంవత్సరముల నడుమ పెన్సిల్వేనియా రాష్ట్రమున అతడు ఒక జలపాతముపైన కట్టిన గృహము నేటికిని యాత్రికులను ఆకర్షించుచున్నది. ఆ యింటి వసారాలు క్రింద స్తంభములు లేకుండ నీటి మీదికి సాగియుండును.

అట్టి కట్టడమునకు మూలమైన సూత్రమును దిమ్మలతో ఎవరైనను పరీక్షింపవచ్చును. ఒక దిమ్మను బల్ల అంచు నుండి కొంచెము కొంచెముగా వెలుపలికి నెట్టినచో సగము వఱకు అది కదలక నిలుచును. సగము దాటగానే పడిపోవును. ఏలన దాని భారకేంద్రము అంచును దాటినది. ఇపుడు బల్లమీద నున్న కొసపైన మఱియొక దిమ్మను బరువుగా పెట్టినచో మొదటిది సగముకంటె ఎక్కువ వెలుపలికి సాగినను పడదు. నాలుగేండ్ల శిశువునకు 'భారకేంద్రము' అను మాట తెలియదు. కాని ఎన్నిమార్లో పడగొట్టుకొనిన పిదప ఆ శిశువు రెండవ దిమ్మను సరియైన చోట పెట్టుట నేర్చుకొనును. ఇరువది యేండ్ల పిదప ఇంజనీరింగు కళాశాలలో ఆ మాటను వినినపుడు, అతడు పూర్వపరిచయము గల మిత్రుని కలిసినట్లు దానిని కలిసికొనును.

కాలక్రమమున ఫ్రోబెల్ పద్ధతిలోను ఒక లోపము ఏర్పడెను. అతని తరువాతి ఉపాధ్యాయులు కానుకలను పట్టుకొని, వాని వెనుకనున్న భావమును విడిచిరి. గళ్లు గీసిన బల్లల ముందు పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి, "ఇపుడు ఈ దిమ్మను ఇచ్చట పెట్టుడు, ఇపుడు దానిని అచ్చటికి జరుపుడు" అని ఆజ్ఞాపింపసాగిరి. ముక్కలు ఒక్క అంగుళపువి. పసివ్రేళ్లకు మిక్కిలి చిన్నవి. ఆట పోయి కసరత్తు మిగిలెను. ఈ లోపమును గమనించి దిమ్మలను నేలమీదికి దింపిన వారిలో ముఖ్యురాలు కెరొలిన్ ప్రాట్.

ఆమె 1867లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. ఉపాధ్యాయురాలై, స్వీడన్ దేశమునకు పోయి వడ్రంగము నేర్చుకొని వచ్చెను. ఒకనాడు ఆమె తన మిత్రుల యింట ఆఱేండ్ల బాలుని ఆటను చూచెను. అతడు దిమ్మలు, బొమ్మలు, చేతికందిన చిల్లర వస్తువులు చేర్చి గది నేలయంతయు నిండునట్లు ఒక రైలుమార్గమును నిర్మించుకొని, దానిలో తన్మయుడై యుండెను. ఎవరి ఆజ్ఞయు లేకయే ఆ బాలుడు అంత శ్రద్ధగా పనిచేయుట ఆమె మనస్సున నాటుకొనెను. 1914లో ఆమె న్యూయార్కు నగరమున కొలదిమంది పసిపిల్లలతో ఒక ఆటబడిని ప్రారంభించెను. అది నేటికిని 'సిటీ అండ్ కంట్రీ స్కూల్' అను పేరుతో నడచుచున్నది. పిల్లలను వీథులకు, ఓడరేవునకు తీసికొనిపోయి చూపుట, తిరిగివచ్చిన పిదప తాము చూచినదానిని దిమ్మలతో నేలమీద కట్టనిచ్చుట ఆ బడిలోని పద్ధతి.

ఆమె రూపొందించిన దిమ్మలే నేడు లోకమంతట పసిపిల్లల తరగతులలో కానవచ్చుచున్నవి. మూలమైన దిమ్మ పొడవు 5½ అంగుళములు, వెడల్పు 2¾ అంగుళములు, మందము 1⅜ అంగుళములు. అనగా మందమునకు రెట్టింపు వెడల్పు, వెడల్పునకు రెట్టింపు పొడవు. తక్కిన దిమ్మలన్నియు ఈ కొలతకే కట్టుబడియుండును. దీనిలో సగమైన దిమ్మ యొకటి, రెట్టింపు పొడవైనది యొకటి, నాలుగు రెట్లు పొడవైనది యొకటి; వీనికి తోడు త్రికోణములు, స్తూపములు, వంపు దిమ్మలు. వానికి రంగు లేదు, బొమ్మలు లేవు, అక్షరములు లేవు. వాని రూపములో ఏ కథయు లేదు గనుకనే ఒకే దిమ్మ ఒకనాడు రైలు, మఱునాడు మంచము, మూడవనాడు గోపురము కాగలదు. కెరొలిన్ ప్రాట్ ఈ దిమ్మలపై తన హక్కును నమోదు చేయించుకొనలేదు. అందుచేత ఎవరైనను వానిని చేసికొనవచ్చును.

ఆ కొలతల యందలి మేలును ఒక చిన్న సన్నివేశమున చూడవచ్చును. గోడ కట్టుచున్న బాలికకు పొడవు దిమ్మలు అయిపోయినవి. ప్రక్కనున్న బాలుని యొద్ద ఒకటి కలదు, అతడు ఈయడు. కొంతసేపు జగడమాడిరి. తరువాత ఆమె పెట్టెలో వెదకి, రెండు మధ్యరకపు దిమ్మలను తెచ్చి వరుసగా పేర్చెను. ఖాళీ సరిగా నిండెను. ఆమె క్షణకాలము దానివంక చూచి, వెంటనే పోయి నాలుగు సగము దిమ్మలను తెచ్చి పై వరుసను కూడ నింపెను. "నీ దిమ్మ నాకు అక్కఱలేదు, నాకు నాలుగున్నవి" అని చెప్పెను. రెండు సగములు ఒకటియనియు, నాలుగు సగములు రెండనియు ఆ బాలిక తెలిసికొనెను. భిన్నముల పాఠము ఆమెకు నాలుగైదేండ్ల పిదప వచ్చును. కాని ఆ పాఠమునకు కావలసిన అనుభవము ఆనాడే కలిగెను.

దిమ్మలతో పిల్లలు ఆడు తీరు వయస్సును బట్టి ఒక క్రమమున మారుచుండును. ఈ క్రమమును న్యూయార్కులో శిశువుల బడిని నడపిన హారియట్ జాన్సన్ అను విదుషి ఓపికతో కనిపెట్టి 1933లో ప్రకటించెను. రెండేండ్ల లోపు పిల్లలు దిమ్మలను మోయుదురే గాని కట్టరు. ఒక చోటి నుండి మఱియొక చోటికి మోసికొనిపోవుట, కుప్పపోయుట, క్రింద పడవేసి చప్పుడు వినుట, ఇవియే వారి పనులు. బరువు అననేమో వారు అపుడు నేర్చుకొందురు. తరువాత ఒకదాని ప్రక్క నొకటి వరుసగా పేర్చుట, ఒకదానిపై నొకటి నిలుపుట మొదలగును.

మూడేండ్ల ప్రాంతమున ఒక విశేషము జరుగును. రెండు దిమ్మలను కొంత ఎడముగా నిలిపి, వానిపై మూడవదానిని అడ్డముగా పెట్టవలెనని పిల్లవాడు ప్రయత్నించును. ఎడము ఎక్కువైన అడ్డుదిమ్మ జారిపడును. తక్కువైన క్రింద దారి యుండదు. ఎన్నియో మార్లు జరిపి జరిపి, తుదకు సరియైన దూరమును కనుగొనును. అదియే వంతెన, అదియే ద్వారబంధము. ఓరుగల్లు కోటలో కాకతీయులు నిలిపిన శిలాతోరణములును రెండు ప్రక్కల స్తంభములపై అడ్డముగా దూలములను మోపి నిలిపినవే. ఏనుగులంతటి బరువులను ఎత్తిన ఆ శిల్పుల యెదుటను, ఈ మూడేండ్ల పసివాని యెదుటను ఉన్న ప్రశ్న మాత్రము ఒక్కటియే.

వంతెన తరువాత ఆవరణము వచ్చును. నాలుగు దిమ్మలను చుట్టును పెట్టి నడుమ చోటును బంధించుట పెద్దలకు సులభముగా తోచును గాని, పసివారికి సులభము కాదు. మూల వచ్చినపుడు దిమ్మను మలుపవలెనని తోచుటకు ఎంతో యత్నము కావలెను. మూసిన చోటు దొరకగానే లోపల, వెలుపల అను భేదము తెలియును. ఆవు లోపల, పులి వెలుపల నుండును. అటుపిమ్మట సమరూపము వచ్చును. ఎడమప్రక్క ఒక స్తంభము పెట్టినచో కుడిప్రక్కను ఒకటి పెట్టనిదే పిల్లవానికి తోచదు. ఇంతవఱకు కట్టిన పిదప పేరు పెట్టుచుండిన పిల్లలు, నాలుగైదేండ్లు వచ్చునప్పటికి ముందు పేరు పెట్టి పిదప కట్టుదురు. "ఇది స్టేషను" అనుకొని, దానికి ఏమేమి కావలెనో ఆలోచించి, ఆ ప్రకారము పని చేయుదురు. ముందుచూపు అను గుణము ఇచ్చట మొలకెత్తును.

ఈ ఆటలో మఱియొక విద్యయు కలదు. పెద్ద కట్టడము ఒక్కరి వలన కాదు. స్టేషను కట్టవలెనన్నచో ఒకరు పట్టాలు పఱచవలెను, ఒకరు వేదిక కట్టవలెను, ఒకరు దిమ్మలందీయవలెను. "నీవు చెప్పినట్లే ఎందుకు చేయవలెను?" అని ఒకరు, "ఇటు నుండి రైలు రాలేదు" అని మఱియొకరు వాదింతురు. తన తలపును ఎదుటివానికి తెలియునట్లు చెప్పవలెను; ఎదుటివాని మాటలో యుక్తియున్న ఒప్పుకొనవలెను. పైన, క్రింద, నడుమ, ప్రక్కన, పొడవు, పొట్టి అను మాటలు ఇచ్చట పుస్తకములోని మాటలు కావు. పని జరుగుటకు కావలసిన మాటలు. వేగిరపడి చేయి తగిలించినవాని వలన అందఱి శ్రమయు నేలగూలును. అపుడు కోపము వచ్చును, కన్నీరు వచ్చును. కొంతసేపటికి మరల కట్టుటయు మొదలగును.

కొయ్యదిమ్మ చేయు గొప్ప ఉపకారము ఇదియే యనవచ్చును. దానికి ముఖప్రీతి లేదు. పెద్దలు పిల్లవాని తప్పును ముద్దుగా క్షమింతురు, లేదా కోపముతో దండింతురు. దిమ్మ రెండును చేయదు. అది ధనికుని బిడ్డ పెట్టినను, పేదవాని బిడ్డ పెట్టినను సరిగా పెట్టిన నిలుచును, వంకరగా పెట్టిన పడును. ఏడ్చి దానిని నిలుపలేము, బుజ్జగించియు నిలుపలేము. కారణము తెలిసికొని సరిచేయుట ఒక్కటియే దారి. తన తప్పును తానే కనుగొని, సిగ్గుపడక తిరిగి ప్రయత్నించుట పసితనముననే అలవడినచో అది జీవితమంతయు ఉపకరించును.

ఇదే సత్యమును ఇటలీ దేశీయురాలగు డాక్టరు మరియా మాంటిస్సోరి మఱియొక మార్గమున ఆచరణలో పెట్టెను. ఆమె 1907లో రోము నగరపు పేదవాడలో తన మొదటి శిశుగృహమును ప్రారంభించెను. ఆమె సాధనములలో గులాబిరంగు గోపురము ప్రసిద్ధమైనది. దానియందు పది ఘనములు కలవు. చిన్నదాని భుజము ఒక సెంటీమీటరు, పెద్దదాని భుజము పది సెంటీమీటరులు. పెద్దదాని యందు చిన్నవి వేయి పట్టునని లెక్క వేసినవారికి తెలియును. కెరొలిన్ ప్రాట్ దిమ్మల వలె వీనితో ఇష్టము వచ్చినదానిని కట్టుట ముఖ్యము కాదు. పెద్దది మొదలు చిన్నది వఱకు క్రమము తప్పక పేర్చవలెను. క్రమము తప్పినచో గోపురమే తప్పును చూపును. మాంటిస్సోరి 1939లో మన దేశమునకు వచ్చి మదరాసులోని అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. యుద్ధకాలమంతయు భారతదేశముననే గడపెను. అంతకు మునుపే, 1920లో, గుజరాతునందలి భావనగరమున గిజుభాయి బధేకా బాలమందిరమును స్థాపించి, ఆమె పద్ధతిని మన పిల్లలకు అనువుగా మలచుకొనియుండెను.

దిమ్మల ఆట వలన నిజముగా చదువు పెరుగునా అని పరిశోధకులు పరీక్షించి చూచిరి. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున 1982లో 37 మంది పసిపిల్లల కట్టడముల నైపుణ్యమును కొలిచి, వారు ఉన్నత పాఠశాల ముగించువఱకు గమనించిరి. 2001లో ఆ ఫలితములు వెలువడెను. మూడవ, ఐదవ తరగతులలో కట్టడపు నేర్పునకును గణితమునకును చెప్పుకొనదగిన సంబంధము కనబడలేదు. ఏడవ తరగతి పరీక్షలలో ఆ సంబంధము కనబడెను. ఉన్నత పాఠశాలలో మఱింత స్పష్టమయ్యెను. ఇది చిన్న గుంపును గూర్చిన పరిశీలన మాత్రమే. దీనినిబట్టి దిమ్మలాడినవారందఱును గణితవేత్తలగుదురని చెప్పరాదు. అయినను విత్తిన ఫలము వెంటనే కనబడనంత మాత్రమున విత్తనము చచ్చినదని తలపరాదని ఇది సూచించుచున్నది.

తరగతిలో దిమ్మలుండిన మాత్రమున చాలదు. వానికి తగిన నేల, తగిన కాలము కావలెను. పావుగంటలో గంట కొట్టినచో పునాది వేయుటతోనే ఆట ముగియును. సగములో నున్న కట్టడమును మఱునాటి వఱకు చెదరనీయకుండ ఉంచు ఉపాధ్యాయురాలు పిల్లల పనిని గౌరవించినదగును. పడబోవు గోడను ఆమె తాను నిలుపరాదు; "ఇది ఏల వంగుచున్నది?" అని యడిగి ఊరకుండవలెను. కట్టడము కాగానే "బాగున్నది" అని వెడలిపోవుటకంటె, "ఈ యింటిలోనికి మనుష్యులు ఎటు పోవుదురు?" అని యడుగుట మేలు. పిల్లవాడు మరల కట్టడము వంక చూచును. ద్వారము లేదని గ్రహించును.

మన దేశమున 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన అంగన్‌వాడీలు పల్లెపల్లెకు వచ్చినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వఱకు గల వయస్సును చదువునకు పునాదిగా పేర్కొని, ఆటద్వారా బోధనకు ప్రాధాన్యము నిచ్చినది. అయినను మూడేండ్ల బిడ్డచేత పలక పట్టించి, వంద వఱకు అంకెలను వల్లె వేయించినగాని బడిలో చదువు లేదని తలచు తల్లిదండ్రులు అనేకులు. వారు బిడ్డ మేలును కోరియే అట్లు తలచుచున్నారు. కాని వల్లె వేసిన 'ఎనిమిది' నోటిలో నుండును. పెట్టెలో పేర్చిన ఎనిమిది చేతిలో నుండును. రెండును కలిసినపుడే అంకె అర్థవంతమగును.

దిమ్మలు ఖరీదైన వస్తువులును కావు. మన కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతోను, ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱతోను బొమ్మలు చేయు నేర్పరులు తరతరములుగా నున్నారు. ఊరి వడ్రంగి యింటి ముంగిట తలుపులు, కిటికీలు చేయగా మిగిలిన ముక్కలు పడియుండును. వానిని ఒకే కొలతకు కోసి, అంచులు గుండ్రముగా చేసి, ముండ్లు లేకుండ గరుకుకాగితముతో నునుపు చేసినచో ఒక తరగతికి కావలసిన దిమ్మలు సిద్ధమగును. కొలత ఒక్కటిగా నుండుట మాత్రము మఱువరాదు. ఏలన సగము సగముగను, రెట్టింపు రెట్టింపుగను ఉన్నపుడే దిమ్మ లెక్క చెప్పును.

జర్మనీలో ష్వైనా అను గ్రామపు శ్మశానవాటికలో ఫ్రోబెల్ సమాధి కలదు. దానిపై నిలిపిన శిలాచిహ్నము క్రింద ఘనము, దానిపై స్తూపము, అన్నిటి పైన గోళము. పసివారి చేతులకు అతడిచ్చిన రెండవ కానుకయే అచ్చట రాతిరూపమున నిలిచియున్నది. ఆనాడు అతని బడులను మూయించిన ఆజ్ఞ తొమ్మిదేండ్లకే రద్దయ్యెను. అతడు పెట్టిన 'కిండర్‌గార్టెన్' అను పేరు మాత్రము లోకమున అనేక భాషలలో కలిసిపోయి, నేడు తెలుగు పిల్లల నోటను వినబడుచున్నది.